సగం కాగితం

మా స్టాఫ్‌రూమ్‌లో ఒక ఇనుప బీరువా ఉంది. పై అరల్లో హాజరు రిజిస్టర్లు, కింది అరలో నా సామాను. పెండ్లి పత్రికలు ఒక కట్ట, బట్టల క్లిప్పులు ఒక డబ్బా, నైలాన్ తాడు, రబ్బరు బ్యాండ్లు, చీరల అట్టపెట్టెల్లో సర్దిన జిరాక్స్ కాగితాలు. ఈ ఏడే కొత్తగా వచ్చిన టీచరమ్మ మొన్న ఆ అర తెరిచి చూసి, "అక్కా, ఇంగ్లీష్‌కి టీఎల్‌ఎం ఏమేం చేసుకోవాలో నాక్కొంచెం చెప్పవా?" అని అడిగింది. టీఎల్‌ఎం అంటే పాఠం చెప్పడానికి వాడే సామాను. ఇంటర్వెల్ పది నిమిషాల్లో తేలే మాట కాదది. రాత్రి వంట అయ్యాక కూర్చుని రాస్తే ఇంతయింది. ఆమె కోసం మొదలుపెట్టినా, ఆరు నుంచి పది దాకా ఇంగ్లీష్ చెప్పేవాళ్లు ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

మాది నల్గొండ జిల్లాలో దేవరకొండ అవతల ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. చుట్టూ పత్తి చేలు, అక్కడక్కడ బత్తాయి తోటలు, మధ్యలో తండాలు. నా క్లాసుల్లో సగానికి పైగా పిల్లలు లంబాడీ ఇండ్ల నుంచి వస్తారు. ఇంట్లో అమ్మను యాడి అని పిలుస్తారు, బడికొచ్చి తెలుగు మాట్లాడతారు, పుస్తకం తెరిస్తే ఇంగ్లీష్. 2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం మొదలయ్యాక లెక్కలు, సైన్సు, సోషల్ కూడా ఇంగ్లీష్‌లోకి వచ్చాయి. ఆ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, దాని పక్క పేజీ ఇంగ్లీష్ కాబట్టి పిల్లలకు కాస్త ఊపిరి ఆడుతుంది. ఇంగ్లీష్ వాచకానికి ఆ ఆసరా లేదు. అందుకే నా పీరియడ్‌లో వాళ్ల చేతికి ఏదో ఒకటి అందాలి.

ఉద్యోగంలో చేరిన మొదటేడు నేను థర్మోకోల్‌తో ఒక పెద్ద చెట్టు చేశాను. పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎనిమిదింటికి ఎనిమిది కొమ్మలు, ఒక్కో కొమ్మకు రంగురంగుల ఆకులు, ఆకు మీద ఒక్కో మాట. రెండు ఆదివారాలు పట్టింది. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. పిల్లలు కూడా బాగుందన్నారు, కానీ దగ్గరికి రాలేదు. విరుగుతుందేమోనని నేనే రానివ్వలేదు. నెల తర్వాత పరీక్ష పెడితే నౌన్‌కీ వెర్బ్‌కీ తేడా తెలియనివాళ్లు ఎంతమంది ఉన్నారో అంతమందీ అట్లాగే ఉన్నారు. చాలా బాధేసింది. ఆలోచిస్తే సంగతి అర్థమైంది. ఆ చెట్టులో పిల్లలు చేయడానికి ఏమీ మిగల్లేదు. మాటలు వెతకడం, ఏది ఏ కొమ్మకో తేల్చడం, రాయడం, అతికించడం అంతా నేనే చేసి, పూర్తయిన వస్తువును గోడకు తగిలించాను.

అప్పటి నుంచి ఏ సామాను చేసినా నన్ను నేను ఒకటే అడుగుతాను. ఇందులో ఏం లేదు? పిల్లకు కావాల్సింది ఒకటి అందులో లేకుండా పోవాలి, అది పక్క పిల్ల దగ్గరో, వరండా స్తంభం మీదో, ఇంట్లో నాయిన దగ్గరో ఉండాలి, ఇంగ్లీష్‌లో అడిగితేనో చదివితేనో తప్ప దొరకకూడదు. ఆ వెలితి లేని చార్టు ఎంత అందంగా ఉన్నా నాకు అక్కర్లేదు.

మొదట పనిచేసింది బస్సు కాగితం. దేవరకొండ బస్టాండ్‌లో నిలబడి టైములన్నీ నోటుబుక్కులో ఎక్కించుకొచ్చాను. హైదరాబాద్, నల్గొండ, మిర్యాలగూడ, నాగార్జునసాగర్, హాలియా, డిండి, కల్వకుర్తి, అచ్చంపేట. ఎనిమిది ఊళ్లు, ఒక్కో ఊరికి బయల్దేరే టైము, ప్లాట్‌ఫామ్, ఛార్జీ. మొత్తం 24 గడులు. దాన్ని రెండు కాగితాలు చేశాను. మొదటి కాగితంలో 12 గడులు నింపి 12 వదిలేశాను. రెండో కాగితంలో ఆ వదిలినవి నింపి, మిగతావి ఖాళీగా ఉంచాను. ఇద్దరు పిల్లలు వీపుకు వీపు ఆనించి కూర్చోవాలి. ఒకరి కాగితం ఒకరు చూడొద్దు. "వాట్ టైమ్ డజ్ ది మిర్యాలగూడ బస్ లీవ్?" అని అడగాలి, విని రాసుకోవాలి.

మొదటిసారి రెండు నిమిషాల్లో అయిపోయింది. "మిర్యాలగూడ ఎన్నింటికిరా?" "పావు తక్కువ ఏడు." అంతే, గడి నిండింది. వాళ్లది తప్పు కాదు, దగ్గరి దారి ఉంటే ఎవరైనా అదే పడతారు. మరుసటి రోజు గుంపుకు ముగ్గురిని చేశాను. మూడో మనిషి కండక్టర్. తెలుగు వినబడితే కండక్టర్ కాగితం లాక్కుని పది అంకెలు ఇంగ్లీష్‌లో లెక్కపెట్టి తిరిగి ఇస్తాడు. 42 మంది పిల్లలు, 14 గుంపులు, 28 కాగితాలు. జిరాక్స్‌కి 56 రూపాయలు. ఆటకు ముందు బోర్డు మీద రెండు మాటలు రాసి అందరితో అనిపించాను: "పార్డన్?", "కెన్ యూ రిపీట్ దట్?". ఈ రెండూ లేకపోతే వినబడనిది పక్కకు తిరిగి కాగితంలో చూస్తారు.

ఇక్కడే నేను ముందుగా ఊహించనిది ఒకటి బయటపడింది. ఒక జంట సాగర్ బస్సు 6.15కి అని రాసుకుంటే, ఇంకో జంట 6.50కి అని రాసుకుంది. చెప్పినవాళ్లు సరిగ్గానే చెప్పామంటారు, విన్నవాళ్లు సరిగ్గానే విన్నామంటారు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ. మన నోట్లో రెండూ ఒకే బరువుతో వస్తాయి, ఎందుకంటే తెలుగులో ఒక అక్షరం మీద బరువు మారినందువల్ల అర్థం మారదు. ఇంగ్లీష్‌లో మారుతుంది. రబ్బరు బ్యాండ్లు అందుకే తెచ్చాను. ఫిఫ్టీన్ అన్నప్పుడు చివరి ముక్క దగ్గర బ్యాండు సాగదీయాలి, ఫిఫ్టీ అన్నప్పుడు మొదటి ముక్క దగ్గర. థర్టీన్, థర్టీ. ఫోర్టీన్, ఫోర్టీ. చేయి సాగితే గొంతు దానంతటదే సాగుతుంది. పది నిమిషాలు క్లాసంతా బ్యాండ్ల చప్పుడు. తర్వాత మళ్లీ వీపుకు వీపు కూర్చోబెడితే సాగర్ బస్సు అందరికీ ఒకే టైముకు బయల్దేరింది. ఆ 35 నిమిషాల తేడాకు బస్సు తప్పిపోతుందని వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు, సాయంత్రం బస్సు తప్పితే ఏమవుతుందో వాళ్లకు తెలిసినంత నాకు తెలియదు.

ఛార్జీల దగ్గర ఒక అమ్మాయి చేయి ఎత్తింది. "మేడం, మాకు జీరో టికెట్ కదా, గీ పైసలెందుకు రాయాలె?" నిజమే. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. నేను పాత అలవాటుతో గడి గీశాను. మధ్యాహ్నం కాగితం మార్చి, "ఫర్ బాయ్స్", "ఫర్ గర్ల్స్" అని రెండు గడులు చేశాను. "హౌ మచ్ ఈజ్ ది టికెట్ ఫర్ గర్ల్స్?" అంటే "జీరో!" అని అమ్మాయిలంతా ఒకేసారి అరిచిన అరుపు పక్క క్లాసుకు వినబడింది. మొత్తం ఆటలో "డజ్" ఎందుకు వస్తుందో నేను ఒక్క ముక్క చెప్పలేదు. ఎనిమిది ఊళ్లకు ఎనిమిదిసార్లు అడిగేసరికి నాలుకకు ఎక్కింది. రూలు వారం తర్వాత చెప్పాను, అప్పటికి "ఓ, గదేనా" అన్నారు.

ఇంటర్నెట్‌లో దొరికే ఫ్రీ వర్క్‌షీట్ల గురించి కొత్త టీచర్లు చాలా అడుగుతారు. నేనూ బోలెడు దించుకుని చూశాను. బొమ్మలు బాగుంటాయి. కానీ మంచు మనిషి, పిక్నిక్ బుట్ట, ఫ్రిజ్‌లో ఏమున్నాయో చెప్పు అంటూ ఉంటాయి. మా పిల్లలు మంచు గురించి తెలుసుకోవద్దని కాదు, దూరపు సంగతులు వాచకంలో ఉన్నాయి, అవి చెప్పాలి. నేను అనేది ఇది: వాక్యం కొత్తదైనప్పుడు అందులోని సంగతి పాతదై ఉండాలి. రెండూ కొత్తవైతే పిల్ల ఏ బరువు మోయాలో తెలియక రెండూ దింపేస్తుంది. ఫ్రిజ్ బదులు నల్గొండ బత్తాయి మార్కెట్ పెట్టుకుంటే "హౌ మచ్", "హౌ మెనీ" రెండూ అక్కడే దొరుకుతాయి. (బత్తాయిని ఇంగ్లీష్‌లో ఏమంటారని అడగకుండా ఏ పిల్లా ఉండదు. బజారులో స్వీట్ లైమ్ అని, మోసంబి అని రాస్తారు. మన నల్గొండ తోటల్లో ఉండే సాత్‌గుడి రకాన్ని తోటల శాస్త్రంలో స్వీట్ ఆరెంజ్ అంటారు. మూడూ చెప్తాను.)

ఇప్పుడు తాడు, క్లిప్పులు. పెండ్లి పత్రికలు ఇక్కడ పనికొస్తాయి. అట్ట దళసరి, వెనక తెల్లగా ఉంటుంది, లగ్గాల సీజన్ అయిపోయాక పిల్లలు సంచుల కొద్దీ తెస్తారు. కొన్నింటి అడుగున "విత్ బెస్ట్ కాంప్లిమెంట్స్ ఫ్రమ్" అని ఇంగ్లీష్‌లో ఉంటుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నా ఆ మాటకు అర్థం ఏంటని ఎవరూ అడగలేదు, అడగాలని తోచలేదు. ఒక రోజు పత్రికలో ముహూర్తం, ఊరు, ఫంక్షన్ హాలు పేరు కాగితం అతికించి కప్పేసి ఇస్తే, అదొక పీరియడ్ ఆట అయింది.

సరే, తాడు సంగతి. క్లాసులో కిటికీ చువ్వ నుంచి తలుపు గొళ్లెం దాకా తాడు కడతాను. పెండ్లి పత్రికల వెనక పెద్దగా రాసిన ముక్కలు మూడు: కుక్క, పిల్లగాణ్ణి, కరిచింది. ముగ్గురు పిల్లలు వచ్చి క్లిప్పులతో తగిలిస్తారు. ఎన్ని రకాలుగా మార్చి తగిలించవచ్చో మార్చి చూడమంటాను. ఆరు రకాలు. "పిల్లగాణ్ణి కుక్క కరిచింది." "కరిచింది పిల్లగాణ్ణి కుక్క." ఒకటి రెండు చెవికి వింతగా ఉంటాయి కానీ ఆరింటిలోనూ కరిచింది కుక్కే, ఏడ్చింది పిల్లగాడే. తర్వాత దాని కింద ఇంకో తాడు. ది డాగ్, బిట్, ది బాయ్. ఇప్పుడు మొదటి ముక్క, చివరి ముక్క మార్చమంటాను. ఒక పిల్లవాడు మార్చి, వెనక్కి జరిగి చదువుకుని, "అయ్యో!" అన్నాడు. పిల్లగాడే కుక్కను కరిచాడు. క్లాసంతా పడి పడి నవ్వింది.

నవ్వు ఆగేదాకా ఆగి అడిగాను, ఎందుకిట్లా అయింది? చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తెలుగు ముక్కలూ ఇంగ్లీష్ ముక్కలూ పక్కపక్కన పెట్టి చూడమన్నాను. చివరికి ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు లేచి "పిల్లగాణ్ణి" అన్న ముక్క చివర వేలు పెట్టాడు. "మేడం, తెలుగుల మాటకు తోక ఉంది. ఏడికి పోయినా తోక ఎంబడి వస్తది. ఇంగ్లీష్‌ల తోక లేదు, జాగనే తోక." విభక్తి గురించీ, వర్డ్ ఆర్డర్ గురించీ బీఈడీలో నేను చదివినదాంట్లో ఇంత సూటిగా చెప్పినది నాకు గుర్తులేదు. ఆ వాక్యం నల్లబల్ల పైన రాసి వారం దాకా చెరపనివ్వలేదు. ఇప్పటికీ ఎవరైనా "ఐ మ్యాంగో ఈట్" అంటే పక్కవాళ్లు "జాగ, జాగ!" అంటారు, నేను దిద్దే పని ఉండదు.

అదే తాడు మీద "నాకు ఇద్దరు అన్నలున్నారు" కూడా చేస్తాను. "హావ్" అనే ముక్కకు తెలుగులో జత దొరక్క వెతుకుతారు, దొరకదని వాళ్లే తేల్చుకుంటారు. అన్నకూ తమ్ముడికీ ఇంగ్లీష్‌లో ఒకటే మాట అంటే మాత్రం ఒప్పుకోరు. ఎల్డర్, యంగర్ అని ముక్కలు ఇస్తే గానీ శాంతించరు.

వీటన్నిటిలో నా మనసుకు దగ్గరైంది మందు డబ్బా పాఠం. మా దగ్గర పత్తికి మందు కొట్టని ఇల్లు తక్కువ. పురుగుమందు డబ్బా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. కింది సగంలో రంగు, పై సగంలో ఇంగ్లీష్ మాట. ఎరుపు అన్నిటికన్నా విషం, దాని మీద పుర్రె బొమ్మ, పాయిజన్ అనే మాట. పసుపు మీద కూడా పాయిజనే. నీలం మీద డేంజర్. ఆకుపచ్చ మీద కాషన్. ఎరువుల దుకాణంలో అడిగి డబ్బాల ఫొటోలు తీసుకుని, ఆ గుర్తులు పెద్దగా ప్రింటు తీయించాను. బడికి డబ్బాలు తేవద్దనీ, ఇంట్లో కూడా ముట్టుకోవద్దనీ మూడుసార్లు చెప్పి, చెప్పించాను.

"పచ్చది మంచిది గదా మేడం?" అని చాలామంది అన్నారు. ట్రాఫిక్ లైటు చూసి కాదు, పచ్చ అంటేనే మంచిదని. అప్పుడు కాషన్ అనే మాట మీద నిలబడ్డాం. జాగ్రత్త అని దానర్థం, పర్వాలేదని కాదు, నాలుగూ మందులే. తర్వాత పని: ఖాళీ వజ్రం గీసిన కాగితం ఇంటికి తీసుకెళ్లి, ఈ వారం చేనుకు కొట్టింది ఏ రంగో నాయినను అడిగి రంగు వేసి, పైన ఏ మాట ఉండాలో రాసుకుని రావాలి. ఎరుపు, పసుపు, నీలం మూడింటి మీదా ఉండే వాక్యం ఒకటి కింద రాసి ఇచ్చాను: "కీప్ అవుట్ ఆఫ్ ది రీచ్ ఆఫ్ చిల్డ్రన్".

మర్నాడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి, ఎప్పుడూ మూడో బెంచీలో తల వంచుకుని కూర్చునేది, కాగితం నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోకుండా నిలబడింది. పసుపు రంగు నిండుగా దిద్ది ఉంది. "మేడం, మా నాయిన డబ్బ గూట్ల పెట్టిండు. మా తమ్మునికి అందుతది. కీప్ అవుట్ ఆఫ్ ది రీచ్ అంటే ఏందో నేనే చెప్పిన. అటుక మీదికి ఎక్కిచ్చిండు." చదువురాని ఆ నాయిన ఎన్నేళ్లుగా ఆ డబ్బా ఎత్తి దించుతున్నాడో. ఆ పిల్ల ఆ వాక్యం ఎక్కడా తడబడకుండా అన్నది, ఒక్క మాట కూడా నేను దిద్దలేదు. ఆ రోజు తర్వాత ఆమె చేయి ఎత్తడం మొదలుపెట్టింది. నాకు అంతకన్నా ఏం కావాలి.

వినడానికి సామాను దొరకడం కష్టం. వాచకం నేనే చదివి వినిపిస్తే వాళ్లకు నా గొంతు తప్ప ఇంకోటి తెలియదు. ఒకసారి తిరుపతి వెళ్లడానికి నల్గొండ స్టేషన్‌లో నారాయణాద్రి కోసం కూర్చుంటే అనౌన్స్‌మెంట్ వచ్చింది. "దయచేసి వినండి" అని తెలుగులో, తర్వాత హిందీలో, తర్వాత ఇంగ్లీష్‌లో. ఒకే సంగతి మూడు భాషల్లో. వెంటనే ఫోన్‌లో రికార్డు చేశాను. క్లాసులో ఇంగ్లీష్‌ది ముందు వినిపించి, ప్లాట్‌ఫామ్ నంబరు వచ్చే ముందు ఒక్క క్షణం ఆపి, మళ్లీ వినిపిస్తాను. కాగితం మీద ఆ నంబరు గడి ఖాళీ, విని రాయాలి. ఆరో తరగతిలో ఆ గడి చాలామందికి నిండలేదు. అప్పుడు హిందీది వినిపించాను. తండా నుంచి వచ్చే ఒక చిన్న పిల్లవాడు, తెలుగులో అడిగినా రెండు మాటలు మించి మాట్లాడనివాడు, "ప్లాట్‌ఫామ్ క్రమాంక్ ఏక్ పర్" అని వినగానే బెంచీ మీద లేచి నిలబడి "వన్! వన్ మేడం!" అన్నాడు. వాళ్ల ఇంటి భాష హిందీకి చుట్టం. మా క్లాసులో అన్నిటికన్నా వెనక ఉన్నాడని నేను అనుకుంటున్నవాడు ఆ రికార్డింగ్‌లో అందరికన్నా ముందున్నాడు. ఆ పీరియడ్ అంతా వాడు గుంపులు తిరిగి హిందీ ముక్కలకు అర్థం చెప్పాడు, వాళ్లు దాంతో ఇంగ్లీష్ ముక్కలు పట్టుకున్నారు. ఇన్ని నెలలుగా వాడి భాషను క్లాసు బయటే వదిలి రమ్మన్నట్టు పాఠం చెప్పానే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఏ కాగితంలోనైనా "ఇంట్లో ఏమంటారు?" అని ఒక గడి తప్పకుండా ఉంటుంది.

పని సాగడానికి నాలుగు మాటలు. అక్షరాలు చివరి బెంచీకి కనిపించేంత పెద్దగా ఉండాలి. లామినేషన్ ఖరీదు, వెడల్పు టేపు చాలు, దాని మీద స్కెచ్ పెన్నుతో రాసి తడిగుడ్డతో తుడవవచ్చు. కరెంటు మీద ఆధారపడ్డ పాఠానికి కరెంటు లేని పాఠం ఒకటి పక్కన సిద్ధంగా ఉంచుకోవాలి. ముట్టుకుంటే పనిచేసే పెద్ద డిజిటల్ ప్యానెల్ ఉన్న బడుల్లో దాన్ని వినిపించడానికి బాగా వాడుకోవచ్చు, కానీ ఒకరు ముట్టుకుంటే 41 మంది చూస్తూ కూర్చునే పాఠం నాకు నచ్చదు. వాడిన కాగితాలు లెక్కపెట్టి దాచాలి, ఈ పని పిల్లలకే అప్పగిస్తే ఒక్కటీ పోదు.

పోయిన శనివారం తొమ్మిదో తరగతి వాళ్లు నాకోసం ఒక కాగితం చేశారు. వాళ్ల తండా మ్యాప్. రోడ్డు, చింతచెట్టు, వాటర్ ట్యాంకు, సేవాలాల్ గుడి, కిరాణం, ఇండ్లు. వాళ్ల కాగితంలో పేర్లన్నీ ఉన్నాయి, నాకిచ్చినదాంట్లో ఖాళీ గడులు. "మేడం, మీరు అడగాలె. ఇంగ్లీష్‌లనే." మందు డబ్బా అమ్మాయే కండక్టర్. నేను బండల మీద వీపు తిప్పి కూర్చుని అడగడం మొదలుపెట్టాను. "వాట్ ఈజ్ నెక్స్ట్ టు ది ట్యాంక్?" "వేర్ డజ్ దిస్ రోడ్ గో?" ఒకసారి నోరుజారి తెలుగు వచ్చింది, కాగితం లాక్కుని పది లెక్కపెట్టింది. బెల్లు కొట్టేసరికి ఇంకా రెండు గడులు నిండలేదు. చింతచెట్టు వెనక ఉన్నది ఒకటి, బావి పక్కన ఉన్నది ఒకటి. చెప్పమంటే చెప్పలేదు, వచ్చి చూసుకోమన్నారు. ఈ ఆదివారం పొద్దున పోతున్నాను.